లేనియర్‌లో చలికాలం స్ట్రైపర్ వేట: బోటు ఆగాక లైఫ్ జాకెట్ విప్పకండి

భోగి రోజు పొద్దున్న, అమెరికాలో జార్జియా రాష్ట్రం, అట్లాంటా దగ్గరున్న లేక్ లేనియర్‌లో మా స్నేహితుడొకడు బోటు మీంచి నీళ్ళలో పడ్డాడు. నేను ఇంకో బోటులో, రెండు వందల గజాల అవతల ఉన్నాను. కేక వినపడలేదు. చేప జాడ కోసం గల్ పక్షులు ఎటు తిరుగుతున్నాయో చూద్దామని తలెత్తితే అతని బోటు కనపడింది, ముందు డెక్ మీద మనిషి లేడు. మేము వెళ్ళేసరికి ఐదు నిమిషాలు పట్టి ఉంటుంది. వెనక ఇంజన్‌కి మోచెయ్యి తగిలించుకుని వేలాడుతున్నాడు. తాడు అందిస్తే పట్టుకుందామన్నా వేళ్ళు ముడుచుకోలేదు. ఇద్దరం కలిసి కోటు కాలరు, బెల్టు పట్టుకుని పైకి లాగాం.

బతికాడు. లైఫ్ జాకెట్ వెనక సీటు మీద ఉంది. బకిల్స్ పెట్టి, చక్కగా మడిచి.

పదకొండేళ్ళుగా ఈ లేక్‌లో చలికాలం ఫ్లై రాడ్‌తో (ఫ్లై అంటే ఈకలు, వెంట్రుకలతో కట్టిన తేలికైన ఎర; దాన్ని విసిరే గాలం కర్ర ఇది) స్ట్రైపర్, అంటే చారల బాస్ చేప, పడుతున్నాను. అలా మడిచి పెట్టిన జాకెట్‌ని చూడడం నాకిది మూడోసారి. ముందు రెండుసార్లూ మనుషులు దక్కలేదు. అందుకే ఇది రాస్తున్నాను. కమ్మింగ్, ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్ ఊళ్ళ వైపు మన తెలుగువాళ్ళలో ఈ వేట నేర్చుకుంటున్నవాళ్ళు ఏటేటా పెరుగుతున్నారు. సెకండ్ హ్యాండ్ బోటు కొనుక్కుని, డిసెంబర్ సెలవుల్లో మొదలుపెడుతున్నారు. లైసెన్స్ తీసుకోండి, ఉన్ని బట్టలు వేసుకోండి, తాగి బోటు నడపకండి అని నేను చెప్పక్కర్లేదు. అవి అందరికీ తెలుసు. తెలిసి కూడా చేసే తప్పు ఒకటుంది. దాని గురించే నా బాధ.

అసలు తప్పు

లైఫ్ జాకెట్ లేకుండా ర్యాంప్ (బోటుని నీళ్ళలోకి దించే వాలు) దగ్గర బయల్దేరినవాణ్ణి నేను దాదాపు చూడలేదు. ఇంజన్ మీద వెళ్తున్నంతసేపూ అందరి ఒంటిమీదా ఉంటుంది. క్రీక్‌లోకి (లేక్ పక్కకి చీలిన పాయలోకి) వచ్చి, ఇంజన్ ఆపి, ముందున్న ట్రోలింగ్ మోటార్, అంటే బోటుని నెమ్మదిగా కదిపే చిన్న కరెంటు మోటార్, నీళ్ళలోకి దించగానే విప్పేస్తారు. ఎందుకంటే ఫ్లై లైన్‌ని ఎడమ చేత్తో గుంజుతుంటే అది జాకెట్ బకిల్‌కి తగులుకుంటుంది. లైన్ విసిరేటప్పుడు భుజం దగ్గర బిగుతుగా ఉంటుంది. చేప కళ్ళముందు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతుంటే, ఆ చిరాకు ఎవరూ ఓర్చుకోలేరు. "బోటు ఆగే ఉంది కదా" అనుకుంటారు.

పడేది బోటు ఆగాకే. నాకు తెలిసిన మూడుసార్లూ బోటు ఆగే ఉంది. వెళ్తున్నప్పుడు సీట్లో కూర్చుని ఉంటారు, చేతికి పట్టు ఉంటుంది. ఆగాక ముందు డెక్ మీద నిలబడతారు. దానికి రెయిలింగ్ ఉండదు. తెల్లవారుజామున దాని మీద మంచు పేరుకుని ఉంటుంది. కాళ్ళ దగ్గర నలభై అడుగుల లైన్ చుట్టలు చుట్టలుగా పడి ఉంటుంది. కళ్ళు నీళ్ళ మీద ఉంటాయి, అడుగు చూసుకోరు. ఎక్కడో వెళ్ళిన బోటు అల ఒకటి చాలు.

మళ్ళీ చెప్తున్నాను. బోటు ఆగాక జాకెట్ విప్పకండి.

ఈ నీళ్ళలో ఏం జరుగుతుంది

స్ట్రైపర్ అసలు సముద్రం చేప. ఈ లేక్‌లో దాని గుడ్లు పిల్లలు కావు. జార్జియా వన్యప్రాణి శాఖ పిల్లల్ని తెచ్చి వదిలితేనే ఇక్కడ ఈ చేప ఉంటుంది. వేసవిలో చల్లదనం కోసం లోతుకి వెళ్ళిపోతుంది, ఫ్లైకి అందదు. చలికాలంలో షాడ్, బ్లూబ్యాక్ హెర్రింగ్ అనే చిన్న చేపల గుంపుల వెంట క్రీక్‌లలోకి వస్తుంది. తెల్లవారి మొదటి గంటలో పైపైనే తిరుగుతుంది. ఎనిమిదో నంబరు రాడ్‌కి, నెమ్మదిగా మునిగే ఇంటర్మీడియట్ లైన్‌కి అందేది అప్పుడే. అంటే ఫ్లైతో పట్టడానికి మంచి కాలమూ, నీళ్ళు మనిషిని చంపే కాలమూ ఒకటే. జనవరి, ఫిబ్రవరిలో ఆ నీళ్ళు 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి అటూ ఇటూ ఉంటాయి. మన లెక్కలో 10 సెల్సియస్.

ఈ లేక్‌లో దయ్యాలున్నాయని మనవాళ్ళు కూడా వీడియోలు పంపుకుంటూ ఉంటారు. నీళ్ళ కింద పాత ఊళ్ళ ఆనవాళ్ళు, నరకకుండా వదిలేసిన చెట్లు ఉన్న మాట నిజమే. కానీ చలికాలం బోటు మీంచి పడ్డవాణ్ణి ఏ చెట్టూ కిందికి లాగదు. ప్రాణం పోయేది పైనే, మొదటి కొన్ని నిమిషాల్లో.

కెనడాలో మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చల్లటి నీళ్ళ గురించి చెప్పే లెక్క ఒకటుంది: ఒక నిమిషం, పది నిమిషాలు, ఒక గంట. పడగానే ఒళ్ళు జలదరించి, మీ ప్రమేయం లేకుండా పెద్దగా ఊపిరి లోపలికి పీల్చుకుంటారు. ఆ క్షణంలో తల నీళ్ళ కింద ఉంటే గాలికి బదులు నీళ్ళే లోపలికి పోతాయి. తర్వాత రొప్పు. ఆ రొప్పు అదుపులోకి రావడానికి ఒక నిమిషం. ఆ తర్వాత చేతులు, కాళ్ళు చెప్పిన మాట వినేది పది నిమిషాలు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. వేళ్ళు ముందు పోతాయి. ఒంట్లో వేడి తగ్గి స్పృహ తప్పడానికి గంట పడుతుంది.

ఆ గంటని జాగ్రత్తగా గమనించండి. జాకెట్ ఉన్న మనిషికి ఎవరో ఒకరు వచ్చేదాకా ఆ గంట ఉంటుంది. జాకెట్ లేని మనిషి చలికి గడ్డకట్టేదాకా బతకడు, మొదటి నిమిషంలోనో పదో నిమిషంలోనో మునిగిపోతాడు.

"నాకు ఈత వచ్చు" అంటారు మనవాళ్ళు. కృష్ణా కాలవలో పెరిగాను, గోదావరి ఈదాను అంటారు. నిజమే, కాదనను. మీరు ఈత నేర్చుకున్నది ఎండాకాలం గోరువెచ్చటి నీళ్ళలో, ఒంటిమీద నిక్కరుతో. ఇక్కడ బూట్లు, రెండు ప్యాంట్లు, కోటుతో, ఊపిరి అందకుండా, పట్టు లేని చేతులతో ఈదాలి. మా స్నేహితుడు కాలేజీలో ఈత పోటీల్లో గెలిచినవాడు. బోటు అతనికి పదడుగుల దూరంలో ఉంది. ఆ పదడుగులకే ప్రాణం మీదికి వచ్చిందని చెప్పాడు.

పైగా జూలైలో అయితే ఈ లేక్ మీద ఎటు చూసినా బోట్లే. జనవరిలో వారం మధ్య పొద్దున్న ఆరున్నరకి ఎవరుంటారు? మీరూ, పక్షులూ.

ఏ జాకెట్

చిరాకు వల్లే విప్పుతున్నారు కాబట్టి, చిరాకు పెట్టనిది కొనుక్కోండి. డబ్బులు రాడ్ మీద కాదు, దీని మీద పెట్టండి. కయాక్‌వాళ్ళు వాడే ఫోమ్ జాకెట్లలో భుజాల దగ్గర వెడల్పుగా కోసినవి ఉంటాయి. చలికి నా ఓటు వాటికే. లోపల వెచ్చగా కూడా ఉంటుంది. బకిల్ ముందుకి రాకుండా, జిప్ ఉన్నది చూసుకోండి. గుంజిన లైన్ పడడానికి నడుముకి స్ట్రిప్పింగ్ బాస్కెట్ అనే బుట్ట కట్టుకోండి, లేదా కాళ్ళ దగ్గర ఒక పొడుగు బకెట్ పెట్టుకోండి. లైన్ తగులుకోదు, కాళ్ళకీ చుట్టుకోదు. జాకెట్ విప్పడానికి సాకు ఉండదు.

గాలి నిండే రకం కావాలంటే నీళ్ళు తగలగానే దానంతటదే నిండేది తీసుకోండి. తాడు లాగితేనే నిండేది వద్దు, ఎందుకంటే మొదటి నిమిషంలో మీ చెయ్యి ఆ తాడుని వెతకలేదు. నడుముకి పర్సులా కట్టుకునేది అసలే వద్దు. గ్యాస్ సిలిండర్ గట్టిగా బిగించి ఉందా, సూచిక పచ్చగా ఉందా, ప్రతిసారీ చూడండి. చలిలో ఆ గ్యాస్ నెమ్మదిగా నిండుతుందని కూడా గుర్తుంచుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని కోటు పైన వేసుకోవాలి. కోటు కింద వేసుకుంటే నిండినప్పుడు ఛాతీని నొక్కేస్తుంది. పదహారేళ్ళ లోపు పిల్లలకి ఈ రకం పనికిరాదు. పదమూడేళ్ళ లోపు పిల్లలకి, కదిలే బోటులో జాకెట్ ఒంటిమీద ఉండాలన్నది జార్జియా చట్టం. నా మాట అడిగితే జనవరి, ఫిబ్రవరి రెండు నెలలూ పిల్లల్ని తీసుకురాకండి.

డెక్ మీద

పాత తువాలు ఒకటి తీసుకెళ్ళి, నిలబడే ముందు మంచు తుడవండి.

గడ్డకట్టే పొద్దుల్లో రాడ్ రింగుల్లో ఐస్ పేరుకుని లైన్ ఆగిపోతుంది. రాడ్ చివర ఐస్ తీయడానికి ముందుకి వంగుతారు. వంగకండి. మోకాళ్ళ మీద కూర్చుని రాడ్‌ని వెనక్కి, బోటు లోపలికి తెచ్చుకుని తీయండి. భోగి రోజు జరిగింది ఇదే.

ట్రోలింగ్ మోటార్ పెడల్‌ని ఆగకుండా తిరిగేలా పెట్టి వదిలేయకండి. మీరు పడితే బోటు మిమ్మల్ని వదిలేసి తన దారిన తను పోతుంది. ఒకచోట నిలిపి ఉంచే బటన్ ఉంటే అది వాడండి, దాని రిమోట్ మెడలో వేసుకోండి.

బోటు అంచున నిలబడి ఒంటికి పోకండి. సీసా పెట్టుకోండి.

క్లౌజర్ లాంటి, లోహపు కళ్ళతో బరువుగా ఉండే ఫ్లై తల వెనక నుంచి గోలీలా వస్తుంది. కళ్ళద్దాలు, టోపీ ఉండాలి. గాలం ముల్లుని ప్లయర్‌తో నొక్కేయండి. ఇద్దరుంటే ఒకరు విసిరేటప్పుడు రెండోవారు కూర్చోండి.

నిచ్చెన ఎక్కడుంది? నీళ్ళలోంచి అందుతుందా? వేసవిలో ఒకసారి కోటు, బూట్లు వేసుకుని ఎక్కి చూడండి. ఎక్కలేకపోతే ఆ బోటులో చలికాలం ఒంటరిగా వెళ్ళకండి.

ఫోన్ బ్యాగులో కాదు, వాటర్‌ప్రూఫ్ కవరులో మెడకి ఉండాలి. విజిల్ జాకెట్‌కి కట్టి ఉండాలి.

ఇంజన్ మీద వెళ్తున్నప్పుడు కిల్ స్విచ్ తాడు (మీరు పడితే ఊడి ఇంజన్‌ని ఆపేది) మీకు తగిలించి ఉండాలి. 26 అడుగుల లోపు బోట్లకి 2021 ఏప్రిల్ నుంచి ఇది ఫెడరల్ చట్టం కూడా.

పొగమంచులో బయల్దేరకండి. చల్లటి గాలి కింద నీళ్ళు ఆవిరి కక్కుతుంటే ఇరవై గజాలు కనపడవు. కారులో హీటర్ వేసుకుని కూర్చోండి, చేప ఎక్కడికీ పోదు.

నీటిమట్టం చూసి వెళ్ళండి. పూర్తి మట్టం సముద్రమట్టానికి 1,071 అడుగులు. 2007 డిసెంబర్ కరువులో 20 అడుగులు పడిపోయింది. మట్టం తగ్గితే నిన్న మీద నుంచి వెళ్ళిన దిబ్బ ఇవాళ ప్రొపెల్లర్‌కి తగులుతుంది. దిబ్బల గుర్తులకి దూరంగా వెళ్ళండి.

గాలి పెరుగుతుంటే ఇంకో పది నిమిషాలు అనకండి. వచ్చేయండి.

ఇంట్లో చెప్పి వెళ్ళండి. లేక్‌కి వెళ్తున్నా అంటే చాలదు. ఏ ర్యాంప్, ఏ క్రీక్, ఎన్నింటికి వస్తారు, ఎన్నింటికి ఫోన్ రాకపోతే 911కి (అత్యవసర నంబరు) చేయాలి, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. ఈ లేక్ తీరం దాదాపు 690 మైళ్ళు. ఎక్కడని వెతుకుతారు?

పడితే ఈదడం మొదలుపెట్టకండి. ముందు ఊపిరి. తల పైకి, నోరు మూసి, రొప్పు తగ్గేదాకా తేలండి. తర్వాత బోటు. బట్టలు, బూట్లు విప్పకండి, వాటిలో గాలీ వేడీ ఉంటాయి. ఎక్కలేకపోతే మోకాళ్ళు ఛాతీకి దగ్గరగా ముడుచుకుని, చేతులు కట్టుకుని ఆగండి. ఇవన్నీ జాకెట్ ఉంటేనే కుదురుతాయి.

ఎవరైనా పడితే మీరు దూకకండి. దగ్గరికి వెళ్ళి ఇంజన్ ఆపండి, నీళ్ళ మీద తేలే కుషన్ విసరండి, తర్వాత లాగండి. తీశాక పడుకోబెట్టండి. నడిపించకండి. చేతులూ కాళ్ళూ రుద్దకండి. తడి బట్టలు తీసి దుప్పటి చుట్టండి. వణుకుతూ, స్పష్టంగా మాట్లాడుతుంటే వెచ్చని తియ్యటి టీ ఇవ్వండి. బ్రాందీ ఇవ్వకండి. బాగానే ఉన్నానని అన్నా 911కి ఫోన్ చేయండి.

ఇంకో జత బట్టలు, నీళ్ళు పోని సంచిలో. ప్రతిసారీ.

ఇద్దరు వెళ్ళండి. కుదిరితే రెండు బోట్లు వెళ్ళండి, ఒకరికొకరు కనపడేంత దూరంలో.

చేప పైకి వచ్చినా విప్పకండి. పెద్ద చేప పడినా విప్పకండి. ఎండ వచ్చి చెమట పడితే కోటు విప్పండి, జాకెట్ వెంటనే మళ్ళీ వేసుకోండి. ఫోటో కోసం విప్పకండి.

తిరిగొచ్చాక ర్యాంప్ దగ్గర కూడా తొందర పడకండి. ముందు వెళ్ళిన ట్రైలర్ల నుంచి కారిన నీళ్ళు కాంక్రీట్ మీద గాజులా గడ్డకట్టి ఉంటాయి. జారితే ట్రైలర్ పక్కనే, ర్యాంప్ చివర లోతులోకే వెళ్తారు. బోటు ట్రైలర్ ఎక్కి, బెల్టులు బిగించి, కారు పార్కింగ్‌లోకి వచ్చి ఆగాక, అప్పుడు విప్పండి జాకెట్.