మ్యాగీ స్మిత్ సినిమాలు ఏ వరుసలో చూడాలి

మ్యాగీ స్మిత్ అనగానే మనవాళ్లలో చాలామందికి హ్యారీ పోటర్‌లో కోసు టోపీ పెట్టుకున్న మెక్‌గోనగల్ టీచరమ్మ గుర్తొస్తుంది. ఇంగ్లిష్ సీరియళ్లు చూసేవాళ్లకైతే డౌన్‌టన్ ఆబీలో నానమ్మ. 2024 సెప్టెంబర్‌లో ఆవిడ పోయినప్పుడు నా ఫోన్‌కొచ్చిన క్లిప్పులన్నీ ఆ నానమ్మ ఎత్తిపొడుపులే. సీరియళ్లకు డబ్బింగ్ చెప్పి బతికేదాన్ని, గొంతులు వినడమే నా పని. ఆ క్లిప్పుల్లో పంచ్ డైలాగులు తప్ప మనిషి కనిపించదు. మనిషిని చూడాలంటే దానికో పద్ధతి ఉంది.

ముందు రెండు షరతులు. డబ్బింగ్ వెర్షన్ వద్దు. నా పొట్ట నేనే కొట్టుకుంటున్నాననుకోండి, అయినా వద్దు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వేసుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అసలు గొంతే వినండి. రెండోది, టైం లేదని స్పీడ్ పెంచకండి. మాటకీ మాటకీ మధ్య ఆవిడ ఆగే చోటే సగం నటన ఉంటుంది. స్పీడ్ పెంచితే ముందు పోయేది అదే.

1958లో వచ్చిన తొలి సినిమాల నుంచి వరుసగా మొదలుపెడితే మధ్యలోనే వదిలేస్తారు. తెలిసిన చోట మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి. డౌన్‌టన్ ఆబీ మొదటి సీజన్ (2010) చాలు, ఆరు సీజన్లూ ఇప్పుడే అక్కర్లేదు. అందులో భోజనాల బల్ల దగ్గర ఒక సీన్ ఉంది. కొత్తగా వారసుడైన కుర్ర లాయరు, ఉద్యోగం మానను, ఎస్టేట్ పనులకు వీకెండ్ ఉందిగా అంటాడు. "వీకెండ్ అంటే ఏంటి?" అంటుంది నానమ్మ. అక్కడ ఆపి, సౌండ్ తీసేసి ఇంకోసారి చూడండి. ఆ ముఖంలో వెటకారం వెతికినా దొరకదు. పుట్టి బుద్ధెరిగాక పనికి వెళ్లని మనిషికి శని, ఆదివారాల తేడా ఏం తెలుస్తుంది? నిజంగానే తెలియక అడుగుతోంది. అదే డైలాగు నాకిస్తే చివర్లో ఒక విరుపు విరిచి నవ్వు లాగేదాన్ని. ఆవిడ ఆ పని చేయలేదు, అందుకే నవ్వొస్తుంది.

తర్వాత గోస్‌ఫర్డ్ పార్క్ (2001). డౌన్‌టన్ రాసిన జూలియన్ ఫెలోసే దీన్నీ రాశాడు. ఇక్కడా నోరున్న పెద్దింటావిడే, కాకపోతే మేనకోడలి మొగుడిచ్చే డబ్బు మీద బతికే మనిషి. ఆ డబ్బు ఎక్కడ ఆగిపోతుందోనన్న టెన్షన్ ప్రతి ఎత్తిపొడుపు కిందా ఉంటుంది. ఈవిడ బ్రిటిష్ సూర్యకాంతం అని మా స్టూడియోలో ఒకాయన అనేవాడు. నోటి దురుసు వరకూ ఒప్పుకుంటాను. కానీ సూర్యకాంతం గారి అత్తకు ఎవరన్నా భయం లేదు, ఈవిడ పాత్రలకు లోపల భయం ఎక్కువ.

ఆ భయం ఇంకా బాగా తెలిసేది ఎ రూమ్ విత్ ఎ వ్యూ (1985)లో. ఫ్లోరెన్స్‌కి వచ్చిన ఆడపిల్లకు కాపలాగా వచ్చిన పెళ్లికాని బంధువు. "నా గురించి పట్టించుకోకండి" అంటూనే అందరినీ ఇబ్బంది పెట్టే రకం. చేతుల్ని గమనించండి, ముఖ్యంగా మణికట్లు. సినిమాల్లోకి రాకముందు, 1957లో లండన్ స్టేజీ మీద కామెడీ నటుడు కెన్నెత్ విలియమ్స్‌తో కలిసి కామెడీ షో చేసింది. ముక్కుతో సాగదీసే ఆవిడ మాటతీరు మీద ఆయన ప్రభావం ఉందంటారు.

ఇక ద ప్రైమ్ ఆఫ్ మిస్ జీన్ బ్రోడీ (1969). 1930ల ఎడిన్‌బరో, ఇటలీ నియంత ముస్సోలినీని ఆడపిల్లల ముందు పొగిడే టీచర్. ఉత్తమ నటి ఆస్కార్ దీనికే. మొదటి గంటసేపు మీరూ ఆ టీచర్‌ని ఇష్టపడతారు, అదే ఇందులో ప్రమాదం. కాలిఫోర్నియా సూట్ (1978) మొత్తం చూడక్కర్లేదు, మైకేల్ కేన్‌తో ఉన్న భాగం చాలు. అందులో ఆస్కార్ రాక ఏడ్చే నటి వేషం, ఆ వేషానికే రెండో ఆస్కార్!

ఇవన్నీ అయ్యాకే బెడ్ అమాంగ్ ద లెంటిల్స్ (1988) పెట్టుకోండి. నాటక రచయిత అలన్ బెన్నెట్ బీబీసీకి రాసిన టాకింగ్ హెడ్స్ అనే సిరీస్‌లో ఒక భాగం, గంట కూడా ఉండదు. తెర మీద ఒక్క మనిషే. చర్చి పాస్టర్ భార్య, తాగుడు అలవాటైంది, దేవుడి మీద నమ్మకం లేదు. లీడ్స్‌లో కొట్టు నడిపే రమేశ్ అనే మనవాడితో ఏర్పడిన సంబంధం గురించి కెమెరాతో చెప్తుంది. టైటిల్‌లోని పప్పు బస్తాలు ఆ కొట్టువే. ఇందులో గొంతు ఎక్కడా పెంచదు. జోకు వేసినా, బతుకు పాడైందని చెప్పినా ఒకే శ్రుతి. మైక్ ముందు ఏడవడం మాకు తేలికే, ఆ శ్రుతిలో అరగంట నిలబడమంటే మాత్రం నా వల్ల కాదు. ఫోన్ పక్కన పడేసి ఒక్క సిట్టింగ్‌లో చూడండి, ముక్కలు చేస్తే చెడిపోతుంది.

ద లేడీ ఇన్ ద వ్యాన్ (2015) కూడా బెన్నెట్‌దే. ఆయన ఇంటి వాకిట్లో వ్యాన్ పెట్టుకుని 15 ఏళ్లు ఉండిపోయిన ఒకావిడ నిజం కథ. లండన్‌లో అదే ఇంట్లో తీశారు. 1999లోనే స్టేజీ మీద ఈ వేషం వేసింది మ్యాగీ, సినిమా నాటికి 80 ఏళ్లు. రాజస్థాన్‌లో తీసిన మేరిగోల్డ్ హోటల్‌ని మన దేశం కనిపిస్తుందని ముందు పెట్టుకునేవాళ్లుంటారు. తుంటి ఆపరేషన్ కోసం ఇండియాకి వచ్చి, నల్లవాళ్లంటే పడని ముసలావిడ వేషం అందులో. సరదాగానే ఉంటుంది, కానీ పైవన్నీ అయ్యాక తీరిక దొరికితేనే.