పాత సీఎన్‌సీ లేత్‌కు కొత్త కంప్యూటర్ కంట్రోల్ అమర్చడం ఎలా?

1980లలో, 90లలో తయారైన సీఎన్‌సీ (కంప్యూటర్ కంట్రోల్‌తో నడిచే) లేత్‌లు చాలా వర్క్‌షాపుల్లో కంట్రోలర్ చెడిపోయిన కారణంగానే మూలన పడి ఉంటాయి. బాలానగర్, జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల చిన్న యూనిట్లు నడిపేవారికి ఇలాంటి మిషన్ తక్కువ ధరకు దొరికితే అది మంచి అవకాశమే. ఎందుకంటే బెడ్, స్పిండిల్, బాల్ స్క్రూలు బాగున్న లేత్ ఇంకా అనేక సంవత్సరాలు పనిచేయగలదు. పాత కార్డులకు విడిభాగాలు దొరకనప్పుడు, సర్వో మోటార్లను (స్లైడ్‌లను కదిపేవి), వీలైతే వాటికి పవర్ ఇచ్చే డ్రైవ్‌లను కూడా ఉంచి, కంట్రోలర్‌ను మాత్రం లైనక్స్‌సీఎన్‌సీతో మార్చడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో 1990లలో మొదలైన ప్రాజెక్టు నుంచి పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం. స్పిండిల్‌తో సమన్వయం చేసి మరలు కోయడం వంటి లేత్ పనులు ఇందులో బాగా సాగుతాయి.

ముందుగా మిషన్‌ను పరీక్షించండి

కొనే ముందే డయల్ గేజ్ పట్టుకుని కూర్చోవాలి. స్పిండిల్ ముక్కు మీద రనౌట్ (తిరిగేటప్పుడు పక్కకు ఊగడం) చూడండి. చక్‌కు దగ్గరగా ఉండే బెడ్ భాగమే ఎక్కువగా అరుగుతుంది కనుక అక్కడ, దూరపు కొసన స్లైడ్ కదలికను పోల్చండి. ఎక్స్, జెడ్ స్క్రూలను రెండు వైపులా తిప్పి బ్యాక్‌లాష్ (దిశ మార్చినప్పుడు కనిపించే వదులు) కొలవండి. బ్యాక్‌లాష్‌ను సాఫ్ట్‌వేర్‌లో కొంత సర్దవచ్చు గానీ, వదులైన నట్‌ను, అరిగిన బేరింగ్‌ను ఏ కంప్యూటరూ బాగుచేయలేదు. బెడ్ బాగా అరిగిపోయిన మిషన్‌కు కొత్త కంట్రోల్ పెట్టడం డబ్బు వృథా అని నా అభిప్రాయం.

పాత కంట్రోల్ ఇంకా వెలుగుతూ ఉంటే పారామీటర్లన్నింటినీ రాసుకోండి లేదా ఫొటోలు తీయండి, బ్యాటరీ అయిపోతే అవన్నీ చెరిగిపోతాయి. ఎలక్ట్రికల్ డ్రాయింగ్, టరెట్ (పనిముట్లను తిప్పి మార్చే తల) లాడర్ లాజిక్ కాగితాలు దొరికితే భద్రపరచండి. అవి తర్వాత రోజుల తరబడి శ్రమను తప్పిస్తాయి.

డ్రైవ్‌లు ఉంచాలా, మార్చాలా?

ఖర్చును నిర్ణయించేది ఈ ప్రశ్నే. పాత డీసీ సర్వో డ్రైవ్‌లు చాలావరకు టాకోజనరేటర్ నుంచి వేగాన్ని తెలుసుకుంటూ, కంట్రోలర్ నుంచి ప్లస్ లేదా మైనస్ 10 వోల్ట్ల సంకేతం అందుకుని పనిచేస్తాయి. ఇలాంటివాటిని ఉంచవచ్చు. తర్వాతి తరం ఫానుక్ డిజిటల్ సిస్టమ్‌లలో మోటార్‌ను నడిపే లెక్కంతా కంట్రోలర్‌లోనే జరిగేది, డ్రైవ్ కేవలం పవర్ స్విచ్‌లాగా ఉండేది. అక్కడ కంట్రోలర్‌ను తీసేస్తే డ్రైవ్ సాధారణ కార్డులకు పనికిరాదు కనుక, కొత్త ఏసీ సర్వో మోటార్లు, డ్రైవ్‌లు కొనడమే సులువు. ఎన్‌కోడర్ (మోటార్ ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్) ఎలాంటిదో కూడా చూడాలి. ఏ, బీ, ఇండెక్స్ (చుట్టుకు ఒకసారి వచ్చేది) పల్స్‌లు ఇచ్చేదైతే నేరుగా కలపవచ్చు, సీరియల్ రకమైతే దాన్ని మార్చాల్సి వస్తుంది.

అనలాగ్ డ్రైవ్ బతికే ఉందో లేదో తెలుసుకోవడానికి పాత పద్ధతి ఒకటి ఉంది. మోటార్‌ను స్క్రూ నుంచి విడదీసి, డ్రైవ్‌కు ఎనేబుల్ ఇచ్చి, 1.5 వోల్ట్ల సెల్‌ను పొటెన్షియోమీటర్ ద్వారా కమాండ్ టెర్మినల్‌కు కలిపి, వోల్టేజిని సున్నా నుంచి నెమ్మదిగా పెంచాలి. మోటార్ కుదుపు లేకుండా తిరిగి, సెల్‌ను తిరగేసినప్పుడు అదే వేగంతో ఎదురు దిశలో తిరిగితే డ్రైవ్ బాగున్నట్టే. స్లాంట్ బెడ్ లేత్‌లలో మోటార్ విడదీసిన వెంటనే ఎక్స్ స్లైడ్ కిందికి జారిపోతుంది, కనుక ముందుగా దాని కింద గట్టి చెక్క దిమ్మె పెట్టడం మరవకండి.

కంప్యూటర్, ఇంటర్‌ఫేస్ కార్డు

అనలాగ్ డ్రైవ్‌లకు మెసా 7ఐ77 కార్డు సరిపోతుంది. ఇందులో 6 అనలాగ్ అవుట్‌పుట్‌లు, 6 ఎన్‌కోడర్ ఇన్‌పుట్‌లు, వాటితోపాటు 32 ఇన్‌పుట్‌లు, 16 అవుట్‌పుట్‌లు ఉంటాయి. దీనిని కంప్యూటర్‌తో కలపడానికి మెసా వారిదే మరో కార్డు కావాలి. పల్స్‌లను లెక్కించే పని కార్డే చేస్తుంది కాబట్టి కంప్యూటర్ చాలా శక్తిమంతమైనది కానక్కరలేదు, కానీ సమయానికి స్పందించాలి. డెబియన్‌తోపాటు రియల్‌టైమ్ కెర్నల్ వేసి, బయోస్‌లో విద్యుత్ పొదుపు సెట్టింగ్‌లు ఆపేసి, లేటెన్సీ పరీక్షను (కంప్యూటర్ స్పందన ఎంత ఆలస్యమవుతుందో చూసేది) కనీసం గంటసేపు నడపండి. ఆ గంటలో బ్రౌజర్ తెరవడం, ఫైళ్లు కాపీ చేయడం వంటి పనులతో కంప్యూటర్‌కు భారం పెట్టాలి. సర్వో లూప్ (స్థానం చదివి కమాండ్‌ను సరిదిద్దే చక్రం) ప్రతి 1 మిల్లీసెకండ్‌కు ఒకసారి నడుస్తుంది, ఆ లయ తప్పే కంప్యూటర్‌ను ఈ పనికి వాడకండి.

ప్యానెల్ వైరింగ్, భద్రత

మెయిన్ స్విచ్ ఆపిన తర్వాత కూడా డ్రైవ్ కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజి కొంతసేపు నిలిచి ఉంటుంది, కాబట్టి ఆగి, మీటర్‌తో కొలిచి, ఆ తర్వాతే చేయి పెట్టండి. ప్రతి తీగకూ నంబర్ వేశాకే దాన్ని ఊడదీయండి.

ఎమర్జెన్సీ స్టాప్‌ను సాఫ్ట్‌వేర్ మీద వదలకూడదు. బటన్ నొక్కగానే సేఫ్టీ రిలే, కాంటాక్టర్ నేరుగా సర్వోల పవర్ తెంచాలి, స్పిండిల్‌ను ఆపాలి. కంప్యూటర్‌కు ఆ సమాచారం మాత్రమే అందాలి. హైడ్రాలిక్ చక్ ఉన్న మిషన్‌లో పీడనం లేకపోతే స్పిండిల్ తిరగకుండా, స్పిండిల్ తిరుగుతుండగా చక్ తెరుచుకోకుండా ఇంటర్‌లాక్ పెట్టండి. ఎన్‌కోడర్ కేబుళ్లను స్పిండిల్ డ్రైవ్ కేబుళ్లకు దూరంగా నడిపి, ఎర్తింగ్ అంతా ఒకే బిందువుకు చేర్చండి.

స్కేల్, దిశ, ట్యూనింగ్

ఇక్కడ తొందరపడితే స్లైడ్ పోయి చక్‌ను గుద్దుకుంటుంది. ఎన్‌కోడర్‌కు 2500 గీతలు ఉంటే క్వాడ్రేచర్‌లో (గీతకు నాలుగు కౌంట్ల చొప్పున) ఒక చుట్టుకు 10,000 కౌంట్లు వస్తాయి. 5 మి.మీ. పిచ్ స్క్రూకు నేరుగా కలిపి ఉంటే మిల్లీమీటర్‌కు 2000 కౌంట్లు. ఎక్స్ అక్షానికి ఈ లెక్కను వ్యాసార్థం మీదే వేయాలి, వ్యాసంలో ప్రోగ్రామ్ చేయడానికి జి7 అనే కోడ్ ఉంది.

డ్రైవ్‌ను ఎనేబుల్ చేయకముందే స్క్రూను చేత్తో తిప్పి, తెర మీద అంకె సరైన దిశలో మారుతోందో లేదో చూడండి. ఆ తర్వాత చిన్న వోల్టేజి ఇచ్చి, ప్లస్ కమాండ్‌కు స్లైడ్ ప్లస్ వైపే వెళుతోందని నిర్ధారించుకోండి. ఈ రెండింటిలో ఒకటి తలకిందులైనా, లూప్ కలిపిన క్షణంలో అక్షం అదుపు తప్పి పరుగెడుతుంది. అందుకే మొదట్లో ఫాలోయింగ్ ఎర్రర్ (అడిగిన స్థానానికీ, అసలు స్థానానికీ తేడా) పరిమితిని తక్కువగా ఉంచాలి, తప్పు జరిగితే వెంటనే డ్రైవ్ ఆగిపోతుంది.

ట్యూనింగ్ డ్రైవ్‌తోనే మొదలుపెట్టాలి. సున్నా వోల్ట్ల దగ్గర మోటార్ పాకకుండా డ్రైవ్‌లోని బ్యాలెన్స్ పాట్ సరిచేయండి. 10 వోల్ట్లకు స్లైడ్ సెకనుకు 200 మి.మీ. కదిలితే అవుట్‌పుట్ స్కేల్ 200 అవుతుంది. అప్పుడు ఎఫ్ఎఫ్1 (అడిగిన వేగాన్ని నేరుగా అవుట్‌పుట్‌కు కలిపే సెట్టింగ్) విలువ 1 దగ్గర ఉంటుంది. ఆ తర్వాత పీ (ఎర్రర్‌కు తగ్గట్టు సరిదిద్దే సెట్టింగ్) విలువను మెల్లగా పెంచుతూ, మోటార్ గుంయిమనడం మొదలైన చోట ఆగి కొంత తగ్గించండి. ఐ (పేరుకున్న ఎర్రర్‌ను సరిదిద్దేది) విలువను ప్రస్తుతానికి సున్నాగానే ఉంచండి. లైనక్స్‌సీఎన్‌సీలో సంకేతాలను గీతలుగా చూపే హాల్‌స్కోప్‌లో ఎర్రర్ గీతను చూస్తూ చేస్తే ప్రతి మార్పు ఫలితం కంటికి కనిపిస్తుంది.

స్పిండిల్, మరలు కోయడం

స్పిండిల్‌కు 1:1 నిష్పత్తిలో తిరిగే, ఇండెక్స్ పల్స్ ఉన్న ఎన్‌కోడర్ తప్పనిసరి. చాలా పాత లేత్‌లలో 1024 గీతలది ముందే ఉంటుంది. మరలు కోసే కోడ్ జి76తో మర కోసేటప్పుడు ప్రతి పాస్ ఆ ఇండెక్స్ దగ్గరే మొదలవుతుంది, అందుకే పనిముట్టు అదే గాడిలో పడుతుంది. 1.5 మి.మీ. పిచ్ మరను 600 ఆర్‌పీఎం దగ్గర కోస్తే జెడ్ నిమిషానికి 900 మి.మీ. వెళ్లాలి. ఆ వేగాన్ని ట్యూనింగ్ తట్టుకోగలదో లేదో ముందుగా గాలిలో నడిపి చూసి, తర్వాత నైలాన్ కడ్డీ మీద ప్రయత్నించండి. కోత వేగాన్ని స్థిరంగా ఉంచే జి96 కోడ్ వాడేటప్పుడు డి పదంతో గరిష్ఠ ఆర్‌పీఎం తప్పక ఇవ్వాలి. అది లేకపోతే, పనిముట్టు కేంద్రానికి చేరుతున్నకొద్దీ స్పిండిల్ వేగం చక్ తట్టుకోలేని స్థాయికి పెరుగుతుంది.

టరెట్

చాలామందికి ఎక్కువ సమయం పట్టేది టరెట్ దగ్గరే. అన్‌క్లాంప్, తిప్పడం, పొజిషన్ కోడ్ చదవడం, పిన్ దిగడం, క్లాంప్ అనే క్రమంలో ప్రతి దశకూ ఒక సెన్సర్ నిర్ధారణ ఉండాలి, ప్రతి నిరీక్షణకూ కాలపరిమితి ఉండాలి. లైనక్స్‌సీఎన్‌సీలోని క్యారొసెల్ కాంపొనెంట్ అనేక రకాల కోడ్‌లను చదువుతుంది. స్లైడ్‌లను చక్‌కు దూరంగా నిలిపి, సోలినాయిడ్‌లను ఒక్కొక్కటిగా చేత్తో ఆన్ చేసి, సెన్సర్లు ఎలా మారుతున్నాయో కాగితం మీద రాసుకున్నాకే ఆటోమేటిక్ క్రమాన్ని రాయండి.

హోమింగ్ (మొదలు స్థానం గుర్తించే) స్విచ్, ఇండెక్స్, సాఫ్ట్ లిమిట్లు (సాఫ్ట్‌వేర్‌లో కదలిక హద్దులు) పెట్టాక, ఒకే కడ్డీ మీద మూడు వేర్వేరు వ్యాసాలు కోసి మైక్రోమీటర్‌తో కొలవండి. మూడింటిలోనూ ఒకే మేర తేడా ఉంటే అది టూల్ ఆఫ్‌సెట్, వ్యాసంతోపాటు తేడా మారితే స్కేల్ తప్పు, కోత పొడవునా వాలు కనిపిస్తే హెడ్‌స్టాక్ అలైన్‌మెంట్ చూడాలి. అంతా సరిపడ్డాక కాన్ఫిగరేషన్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, మార్చిన వైరింగ్ డ్రాయింగ్‌తో కలిపి ప్యానెల్ తలుపు లోపలి జేబులో ఉంచండి.