కొత్త జంటకు బెజవాడ చుట్టూ రెండు రోజులు

పెళ్లవగానే ఊటీకి టికెట్లు తీసే ముందు మన బెజవాడ చుట్టుపక్కల రెండు రోజులు తిరిగి చూడండి. వరస ముఖ్యం. పొద్దున్నే మంగళగిరి వెళ్లాలి, ఎందుకంటే కొండ మీద పానకాల స్వామి దర్శనం సాయంత్రం దొరకదు. రాత్రిపూట పూజ దేవతలదని నమ్మకం. స్వామికి పోసిన పానకంలో సగం మనకే ప్రసాదం. దిగాక చేనేత చీర ఒకటి కొనండి. బేరం మాత్రం అమ్మాయికే వదిలేయండి బాబూ!

తిరుగు దారిలో ఉండవల్లి. కొండను తొలిచి కట్టిన నాలుగంతస్తులు, లోపల చీకట్లో శేషశయ్య మీద పడుకున్న అనంత పద్మనాభుడు. పైనుంచి పచ్చటి పొలాలు కనిపిస్తాయి, అక్కడ కాసేపు ఊరికే కూర్చోండి. మేం ఫొటోల గోలలో పడి అది పోగొట్టుకున్నాం. పొద్దుగూకేసరికి ప్రకాశం బ్యారేజీ చేరితే కృష్ణమ్మ మీద గాలి.

రెండో రోజు కొండపల్లి. తెల్లపొణికి కర్ర చెక్కి రంగులేసే ఇళ్ల దగ్గరే బొమ్మలు కొనండి, పని కూడా చూడొచ్చు. కృష్ణకు వరదొస్తే భవానీ ద్వీపానికి పడవలు ఆపేస్తారు, కనుక్కుని బయల్దేరండి. దుర్గమ్మ దర్శనం శుక్రవారం పెట్టుకోకండి, క్యూలోనే పూట గడుస్తుంది.