రెండున్నరేళ్ళ పాపతో నాన్న ఒక్కడే అరకు వెళ్ళాలంటే

పిల్లతో ఒక్కరే ఊరెళ్ళేవాళ్ళు ముందుగా ఆలోచించాల్సింది ఒకటుంది. మీ రెండు చేతులూ ఒకేసారి కావాల్సొచ్చినప్పుడు పిల్ల ఎక్కడుంటుంది? రైల్లో టాయిలెట్‌కు వెళ్ళాలి, సామాను దించాలి, హోటల్లో స్నానం చెయ్యాలి. వీటికి ఇంట్లోనే దారి చూసుకుంటే మిగతాదంతా తేలికే. మా బుజ్జికి అమ్మ లేదు, మేమిద్దరమే. విజయవాడ నుంచి అరకు మేం ఎలా వెళ్ళొస్తామో చెబుతాను.

చక్రాల సూట్‌కేసు వద్దు. వీపున ఒక బ్యాగు, ముందు పాపను కట్టుకునే బేబీ క్యారియర్, అంతే. ఆ రెండూ వేసుకుని ఒకసారి మేడమెట్లు ఎక్కి దిగండి. ఆయాసం వస్తే మీ బట్టలు తగ్గించండి, డైపర్లు మాత్రం తగ్గించకండి. బ్యాగు పై అరలో ఒక గౌను, రెండు డైపర్లు, వైప్స్, ఒక ప్లాస్టిక్ కవరు విడిగా పెట్టుకోండి. పాప కక్కుకున్నప్పుడు బ్యాగంతా కెలికే తీరిక ఉండదు.

ఐదేళ్ళలోపు పిల్లలకు రైల్లో టికెట్ అక్కర్లేదు, కానీ సీటు కూడా ఇవ్వరు. విశాఖ దాకా గంటల తరబడి ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం కష్టం. నేను పూర్తి ఛార్జీ పెట్టి పాపకూ సీటు తీసుకుంటాను. టాయిలెట్‌కు వెళ్ళాల్సొస్తే పాపను క్యారియర్‌లో వీపుకు కట్టుకునే వెళతాను. "మేం చూస్తుంటాంలే బాబూ" అంటారు పక్కవాళ్ళు. మంచి మనసుతోనే అంటారు. అయినా రైల్లో పరిచయం లేనివాళ్ళకు పిల్లను అప్పగించను.

మగాడు ఒక్కడే ఆడపిల్లతో కనిపిస్తే ఎవరో ఒకరు ఆరా తీస్తారు, తియ్యాలి కూడా. పాప జనన ధ్రువీకరణ పత్రం, ఐదేళ్ళలోపు పిల్లలకిచ్చే నీలం ఆధార్ ఫోన్‌లో ఉంచుకోండి, జెరాక్సులు బ్యాగులో పెట్టుకోండి. "అమ్మేదమ్మా?" అని నేరుగా పిల్లనే అడిగేవాళ్ళూ ఉంటారు. పాప నా మొహంలోకి చూసేలోపే "మేమిద్దరమే వచ్చామండీ" అని నేనే చెప్పేస్తాను. ఆ జవాబు పిల్ల చేత చెప్పించకండి.

ఒకే రోజులో అరకు చేరాలని చూడొద్దు. రాత్రికి విశాఖలో ఆగి, తెల్లారే అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైలు ఎక్కండి. అద్దాల విస్టాడోమ్ బోగీకి వారాంతాల్లో గిరాకీ ఎక్కువ, 60 రోజుల ముందే బుకింగ్ మొదలవుతుంది. దారిలో సొరంగాలు చాలా ఉన్నాయి. చీకటి పడగానే కుర్రాళ్ళు ఈలలు, కేకలు వేస్తారు. మా బుజ్జి బిగుసుకుపోయి నా చొక్కా పట్టుకుంది. చిన్న టార్చి చేతికిచ్చి, "చీకటొస్తే నువ్వే లైటు వెయ్యాలి" అన్నాను. అక్కడి నుంచి ప్రతి సొరంగానికీ తనే ముందు సిద్ధంగా కూర్చుంది, వెలుగు రాగానే పైకప్పు అద్దం వైపు టార్చి చూపించింది. ఇంటి దగ్గరే దుప్పటి కింద ఈ ఆట ఆడించి తీసుకెళ్ళండి.

గదిలోకి వెళ్ళగానే తలుపు గడియలు చూడండి. ఈ వయసు పిల్లలకు గడియ వెయ్యడం వస్తుంది, తియ్యడం రాదు. బాత్‌రూమ్ తలుపు మీద మందపాటి తువ్వాలు వేలాడదీస్తే అది పూర్తిగా మూసుకోదు. గది తాళం మీ జేబులోనే ఉండాలి. గీజర్ కుళాయిని పాపకు అందనివ్వకండి. మీ స్నానం పాప నిద్రపోయాక, తలుపు ఓరగా తీసిపెట్టి చెయ్యండి.

అరకులో రోజుకు ఒకటే చూడండి. పద్మాపురం గార్డెన్స్‌లో పిల్లల రైలుంది, పరిగెత్తడానికి చోటుంది. గిరిజన మ్యూజియంలో బొమ్మలున్నాయి. బొర్రా గుహల్లో మెట్లెక్కువ, తడి ఎక్కువ. పిల్లను మోస్తూ ఒక్కరే దిగాల్సిన చోటు కాదది, పెద్దయ్యాక చూడొచ్చు. డిసెంబరు, జనవరిలో చలి గట్టిగా ఉంటుంది, చెవులు మూసే టోపీ తప్పనిసరి.

తిండి విషయంలో ప్రయోగాలొద్దు. ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు దొరికితే చాలు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు దగ్గరుంచుకోండి. పెద్ద ప్యాకెట్‌ను కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో కలపాలి, 24 గంటలు దాటితే పారబొయ్యాలి.

తిరుగుప్రయాణం ఘాట్ రోడ్డు మీదైతే బయల్దేరే ముందు పాలు పట్టకండి, మలుపుల్లో వాంతి అవుతుంది. అనంతగిరి దగ్గర కాసేపు దింపి నడిపించండి. ఇంటికొచ్చిన మర్నాడు కూడా ఆఫీసుకు సెలవు పెట్టుకోండి. ఆ రోజు పాప మధ్యాహ్నం దాకా పడుకుంటుంది, మీరూ పడుకోవచ్చు.