సంతకానికి ముందే తేల్చుకోవాల్సినవి: మేధోసంపత్తి, వృత్తి నైతికత

జీతం దగ్గర గట్టిగా బేరమాడేవాళ్లు కూడా ఉద్యోగ ఒప్పందంలోని మేధోసంపత్తి క్లాజును (మీరు రూపొందించినవాటి మీద హక్కులు ఎవరివో చెప్పే నిబంధనను) చదవకుండానే సంతకం పెట్టేస్తుంటారు. జీతం మళ్లీ పెంచమని అడగొచ్చు గానీ, ఒకసారి రాసిచ్చిన హక్కులు తిరిగి రావడం చాలా కష్టం.

ఆఫర్ వచ్చాక, పాత ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకముందే మాట్లాడాలి. చాలాచోట్ల ముందు ఆఫర్ లెటర్ ఒక్కటే పంపి, గోప్యత, మేధోసంపత్తి కాగితాలు చేరిన రోజున చేతిలో పెడతారు. అప్పటికి మీకు వెనక్కి వెళ్లే దారి ఉండదు. అందుకే సంతకం చేయాల్సిన కాగితాలన్నీ, వాటిలో ప్రస్తావించిన పాలసీలతో సహా, ముందే పంపమని మెయిల్‌లో అడగండి.

అందులో మొదట వెతకాల్సిన వాక్యం: "ఉద్యోగ కాలంలో ఉద్యోగి రూపొందించినదంతా కంపెనీకే చెందుతుంది." ఉద్యోగ కాలం అంటే పనిగంటలు కాదు. ఆదివారం రాత్రి ఇంట్లో సొంత ల్యాప్‌టాప్‌లో రాసిన కోడ్, కథ కూడా అందులోకే వస్తాయి. దాని బదులు "ఉద్యోగ విధుల్లో భాగంగా గానీ, కంపెనీ పరికరాలు లేదా రహస్య సమాచారం వాడి గానీ రూపొందించినవి" అని మార్చమనండి. కాలిఫోర్నియాలో లేబర్ కోడ్ 2870 సెక్షన్ సొంత సమయంలో, సొంత సాధనాలతో చేసిన ఆవిష్కరణలను చాలావరకు కాపాడుతుంది; కంపెనీ వ్యాపారానికి సంబంధించినవైతే ఆ రక్షణ వర్తించదు. అలాంటి చట్టం లేనిచోట ఆ రక్షణను ఒప్పందంలోనే రాయించుకోవాలి.

హక్కులు రాసిచ్చే వాక్యంలోని క్రియాపదం కూడా చూడండి. "అగ్రీ టు అసైన్" అంటే హక్కు ఇస్తానన్న మాట మాత్రమే. "హియర్‌బై అసైన్" అంటే ఆవిష్కరణ పుట్టగానే హక్కు చేతులు మారినట్టే. స్టాన్‌ఫర్డ్, రోష్ పేటెంట్ వివాదంలో పరిశోధకుడు యూనివర్సిటీకి మొదటి మాట, సీటస్ కంపెనీకి రెండో మాట రాసిచ్చాడు; సీటస్ హక్కులు తర్వాత రోష్‌కు చేరాయి. 2011లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఆ కేసులో స్టాన్‌ఫర్డ్ ఓడిపోయింది. ఈ పదాన్ని మార్చడానికి పెద్ద కంపెనీలు అంత తేలిగ్గా ఒప్పుకోవు. దానికోసం పట్టుబట్టేకన్నా, పైన చెప్పినట్టు కంపెనీకి చెందేవాటి పరిధిని తగ్గించుకోవడం మేలు.

ఈ ఉద్యోగానికి ముందే మీరు సొంతంగా చేసిన పనుల జాబితా కోసం ఒప్పందానికి జోడించే పేజీని ఖాళీగా వదలకండి. వదిలితే మీకు సొంతవేమీ లేవని ఒప్పుకున్నట్టు అవుతుంది. ప్రతిదానికీ పేరు, మొదలుపెట్టిన తేదీ, ఒక వాక్యం వివరణ చాలు. లోపలి రహస్యాలు రాయొద్దు. చేరాక మీ పాత లైబ్రరీని (మళ్లీ మళ్లీ వాడుకునేలా రాసుకున్న కోడ్‌ను) కంపెనీ ప్రాజెక్టులో కలిపితే, దానిమీద కంపెనీకి శాశ్వత లైసెన్సు ఇచ్చినట్టేననే క్లాజు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. విడిగా లైసెన్సు రాసుకోకుండా కలపొద్దు.

ఇక నైతికత. "అనైతికమైన పని చేయను" అని రాయించుకుంటే వివాదం వచ్చినప్పుడు అది నిలబడటం కష్టం, ఎందుకంటే ఏది అనైతికమో ఎవరికి వాళ్లే చెబుతారు. ఆయుధాలు, ముఖాలు గుర్తించే నిఘా అంటూ పనుల పేర్లే పెట్టండి. అభ్యంతరాన్ని ఎవరికి, ఎన్ని రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలో, ఆపైన వేరే పని ఇస్తారో లేదో, అప్రైజల్‌లో దాన్ని మీకు వ్యతిరేకంగా చూడరన్న హామీ ఉందో లేదో రాయించండి. డాక్టర్లు, ఆడిటర్ల లాంటివాళ్లు తమ వృత్తి నియమావళి పేరునే ఉదహరించొచ్చు. గోప్యత క్లాజులో మాత్రం ఒక మినహాయింపు తప్పనిసరిగా అడగండి: చట్టవిరుద్ధమైన పనిని ప్రభుత్వ అధికారులకు తెలపడం, సొంత లాయరును సంప్రదించడం ఉల్లంఘన కాదని. అమెరికాలో 2016 నాటి డిఫెండ్ ట్రేడ్ సీక్రెట్స్ యాక్ట్, వాణిజ్య రహస్యాల విషయంలో, గోప్యంగా చేసే అలాంటి ఫిర్యాదులకు రక్షణ ఇస్తుంది.

అడిగేటప్పుడు అభ్యంతరాల చిట్టా కాకుండా, మార్చాల్సిన రెండు మూడు వాక్యాలను మీరే రాసి పంపండి. హెచ్‌ఆర్‌కు సాధారణంగా క్లాజు మార్చే అధికారం ఉండదు. మీ వాక్యం లీగల్ టీమ్‌కు వెళ్తుంది, సిద్ధంగా ఉంటే త్వరగా తేలుతుంది. "అందరికీ ఇదే ఫార్మాట్" అంటే ఫార్మాట్ ముట్టుకోకుండా సైడ్ లెటర్ (ఒప్పందానికి తోడుగా విడిగా రాసిచ్చే లేఖ) ఇమ్మనండి. "అవన్నీ మేం పట్టించుకోం లెండి" అన్న నోటిమాటను నమ్మొద్దు: ఈ కాగితమే పూర్తి ఒప్పందమన్న క్లాజు చివర్లో ఉంటే ఆ మాట నిలవదు. సైడ్ లెటర్‌పై ఒప్పందం మీద సంతకం పెట్టే అధికారం ఉన్నవాళ్లే సంతకం చేయాలి. దాని ప్రతిని సొంత మెయిల్‌లో దాచుకోండి. ఉద్యోగం మానేసిన రోజునే కంపెనీ మెయిల్ మూసేస్తారు.