పైథాన్‌లో ఆబ్జెక్టులు - 5వ పాఠం: ఏది క్లాసుది, ఏది ఆబ్జెక్టుది?

గత పాఠంలో ‘చెరువు’ అనే క్లాసు రాసి, భీమవరం, ఉండి అని రెండు రొయ్యల చెరువులు తయారుచేశాం. ఇప్పుడు వాటికి శాంపిల్ తూకాల జాబితా కలుపుదాం. విసురువలకు పడ్డ రొయ్యల బరువు గ్రాముల్లో ఎక్కించాలి. 1000ని సగటు బరువుతో భాగిస్తే కౌంట్, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో వస్తుంది.

ముందు కావాలనే తప్పు చోట రాద్దాం. క్లాసు పేరు కిందే, ఏ మెథడ్‌లోనూ పెట్టకుండా, ‘తూకాలు = []’ అని రాయండి. (పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. కీవర్డులు మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉండాలి.) భీమవరానికి 19, 20, 21, ఉండికి 24, 25, 26 అపెండ్ చేయండి (అంటే జాబితా చివర చేర్చండి). రావలసినవి 50 కౌంట్, 40 కౌంట్. రెండింటికీ వచ్చేది 44.44! ఎర్రర్ ఏమీ రాదు, ప్రోగ్రాం హాయిగా నడుస్తుంది. రొయ్య ధర కౌంట్‌ను బట్టే పలుకుతుంది కాబట్టి ఈ తప్పు నేరుగా రైతు లెక్కలోకి వెళ్తుంది.

ఎందుకిలా? క్లాసు ఒంట్లో ఉన్న లైన్లు క్లాసు తయారయ్యేటప్పుడు ఒక్కసారే నడుస్తాయి. అంటే పుట్టిన జాబితా ఒక్కటే. ‘భీమవరం.తూకాలు’ అనగానే పైథాన్ ముందు ఆ ఆబ్జెక్టులో వెతుకుతుంది, లేకపోతే క్లాసులో వెతుకుతుంది. ఉండికీ అదే దారి. అపెండ్ చేసినప్పుడు ఆబ్జెక్టులో కొత్తగా ఏదీ చేరదు. క్లాసులో దొరికిన జాబితాయే పెరుగుతుంది.

చాలామందిని తికమక పెట్టేది అంకె. వేసిన మేత బస్తాల లెక్కకు క్లాసులో ‘బస్తాలు = 0’ అని పెట్టి, మెథడ్‌లో ‘సెల్ఫ్.బస్తాలు += 2’ అంటే ఏ చెరువు లెక్క దానికే ఉంటుంది. పాత విలువను క్లాసు నుంచి చదివినా, కొత్త విలువను ఆబ్జెక్టులో రాస్తుంది. అది చూసి జాబితా కూడా అంతేననుకుంటాం. జాబితాకు ‘+=’ వాడితే ఇంకా చిక్కు: ఉమ్మడి జాబితా మారుతుంది, పైగా ఆబ్జెక్టులోనూ ఆ పేరు చేరుతుంది. అందుకని, ఆబ్జెక్టులో ఉన్న పేర్లు చూపించే వార్స్ ఫంక్షన్‌తో చూసి నమ్మకండి, ‘భీమవరం.తూకాలు ఈజ్ ఉండి.తూకాలు’ అని అడగండి. ట్రూ వస్తే జాబితా ఒక్కటే.

సరిచేయడం తేలిక. ఇనిట్ మెథడ్‌లో ‘సెల్ఫ్.తూకాలు = []’ అని రాయండి. అది ప్రతి ఆబ్జెక్టుకూ మళ్లీ నడుస్తుంది. అయితే డెఫ్ లైన్‌లోనే ‘తూకాలు=[]’ అని డిఫాల్ట్ ఇస్తే పాత రోగమే తిరగబెడుతుంది, ఎందుకంటే డిఫాల్ట్ విలువ కూడా ఒక్కసారే తయారవుతుంది. అక్కడ నన్ (‘ఏమీ లేదు’ అనే విలువ) ఇచ్చి, లోపల కొత్త జాబితా చేయండి. పైథాన్ 3.7 నుంచి ఉన్న, ఇనిట్ మెథడ్‌ను తనే రాసిపెట్టే డేటాక్లాస్‌లో అయితే ఈ తప్పుకు వాల్యూఎర్రర్ వస్తుంది. ఫీల్డ్‌లో డిఫాల్ట్ ఫ్యాక్టరీగా లిస్ట్ ఇవ్వాలి.

మేత బస్తా 25 కిలోలు అనే అంకె మాత్రం క్లాసులోనే ఉండనివ్వండి, అది అన్ని చెరువులకూ ఒకటే. మార్చాలంటే ‘చెరువు.బస్తా_బరువు’ అని క్లాసు పేరుతోనే మార్చండి, ‘భీమవరం.బస్తా_బరువు’ అంటే ఆ ఒక్క చెరువుకే మారుతుంది.

అభ్యాసం: ఆకివీడు అనే కొత్త చెరువు తయారుచేసి, ఒక్క తూకం కూడా ఎక్కించకుండా కౌంట్ అడగండి. సున్నాతో భాగహారం ఎర్రర్ రావాలి. ఏదైనా అంకె వచ్చిందంటే, ఆకివీడు ఇంకా పక్క చెరువు తూకాలే చదువుతోంది.