సోలార్ ప్లాంటుకు కార్బన్ క్రెడిట్లు – 4వ పాఠం: క్రెడిట్ లేకపోతే ప్లాంటు ఆగేదా?

20 మెగావాట్ల సోలార్ ప్లాంటు ఏటా ఎన్ని టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను తప్పిస్తుందని పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబులు చూశాక, ఈసారి చెప్పాలనుకున్న అమ్మకం ఒప్పందాల సంగతి పక్కన పెట్టాను. ముందు ఆ లెక్క చక్కబడాలి.

ఏడాదికి గ్రిడ్‌కు పంపిన కరెంటు 35,040 మెగావాట్ అవర్లు. రాత్రిళ్లు ప్లాంటు గ్రిడ్ నుంచి వాడుకున్నది 240. తీసేస్తే 34,800. ఆ 240ని చాలామంది వదిలేశారు. ఒక్కో మెగావాట్ అవర్‌కు వెలువడే టన్నులు ఆపరేటింగ్ మార్జిన్ (గ్రిడ్‌లో ఇప్పుడు నడుస్తున్న ప్లాంట్లవి) 0.95, బిల్డ్ మార్జిన్ (ఈమధ్య కట్టిన ప్లాంట్లవి) 0.85 అని ఇచ్చాను. సోలార్‌కు వీటి వెయిటేజీ 75:25. కొందరు 50:50 వేసి 31,320 తెచ్చారు. సరైన ఫ్యాక్టర్ 0.925, జవాబు 32,190 టన్నులు, అంటే అన్ని క్రెడిట్లు. ఒకరిద్దరికి 3 కోట్ల టన్నులు దాటింది. యూనిట్లను మెగావాట్ అవర్లుగా మార్చలేదు. నేనైతే కాగితం మీద మొదటి గీత గీయకముందే యూనిట్లను వెయ్యితో భాగించేస్తాను. టన్నుల్లో దశాంశం మిగిలితే ఎప్పుడూ కిందికే సవరిస్తాను.

ఇవి దిద్దుకోగల పొరపాట్లు. నన్ను కలవరపెట్టింది చివరి ప్రశ్నకు వచ్చిన జవాబు: "ఈ ప్లాంటుకు క్రెడిట్లు ఎందుకివ్వాలి?" దాదాపు అందరూ ఒకే మాట రాశారు: సోలార్ పొగ వదలదు కాబట్టి.

అది చాలదు. మీ క్రెడిట్ కొన్న కంపెనీ దాన్ని చూపించి, తాను వదిలిన ఒక టన్నును సరిపెట్టుకుంటుంది. క్రెడిట్ సొమ్ము లేకున్నా మీ ప్లాంటు వచ్చేదే అయితే, ఆ అమ్మకం వల్ల ఒక్క టన్ను కూడా తగ్గలేదు. కొన్నవాళ్ల టన్ను మాత్రం గాలిలోకి పోయింది. అందుకే అడగాల్సింది ప్లాంటు శుభ్రమైనదా అని కాదు, క్రెడిట్ లేకపోతే ఆగిపోయేదా అని. దీన్నే అడిషనాలిటీ అంటారు.

లెక్కగా చూద్దాం. ప్లాంటు ఖర్చు 1,000 అనుకుందాం, మిగతా అంకెలూ అదే కొలతలో. ఏటా కరెంటు అమ్మకం 125, నిర్వహణ 20, మిగులు 105. ఆయుష్షు 25 ఏళ్లు. రాబడి రేటు (ఐఆర్ఆర్, అంటే అన్నేళ్ల మిగులు నేటి విలువ ఖర్చుతో సమానమయ్యే రేటు) సుమారు 9.4 శాతం. పెట్టుబడిదారు అడిగే బెంచ్‌మార్క్ 11. ఇక్కడ ప్లాంటు ఆగిపోతుంది. క్రెడిట్ల మీద ఏటా 20 చొప్పున పదేళ్లు వస్తే రేటు 11ను కాస్త దాటుతుంది. ఈ క్రెడిట్‌కు అర్థముంది.

ఇదే ప్లాంటుకు క్రెడిట్ లేకుండానే 13 శాతం వస్తే? అర్హత లేదు. పొగ అంతే తగ్గుతుంది, అయినా లేదు. ఇంకొకటి: రేటు 6 నుంచి 6.5కు మాత్రమే పెరిగితే? బెంచ్‌మార్క్‌కు ఇంత దూరంలో ఉన్నా కడుతున్నారంటే, క్రెడిట్లు కాక వేరే కారణమేదో కట్టిస్తోంది. అదేమిటో తేలేదాకా నేను సంతకం పెట్టను.

తేదీ దగ్గర కూడా ఇదే పరీక్ష. ప్రాజెక్టు ప్రారంభమంటే కరెంటు వచ్చిన రోజు కాదు, ప్యానెళ్లకో నిర్మాణానికో ఖర్చుకు మొదట కట్టుబడిన రోజు. క్యోటో ఒప్పందం కింద నడిచిన క్రెడిట్ల పథకం సీడీఎం నిబంధనల ప్రకారం, 2008 ఆగస్టు 2న గానీ ఆ తరువాత గానీ మొదలైన ప్రాజెక్టులు క్రెడిట్లు కోరుతున్నట్టు ఆ ప్రారంభ తేదీ నుంచి ఆరు నెలల్లోపు తెలియజేయాల్సి ఉండేది. ప్లాంటు కట్టేశాక గుర్తొచ్చిన క్రెడిట్, కట్టాలా వద్దా అన్న నిర్ణయంలో లేనట్టే. 2024 ఆగస్టులో స్వచ్ఛంద మార్కెట్‌లో క్రెడిట్ల నాణ్యతను తూచే సంస్థ ఐసీవీసీఎం అప్పటికున్న పునరుత్పాదక విద్యుత్ పద్ధతులకు తన నాణ్యత ముద్ర ఇవ్వలేదు. అడిషనాలిటీ పరీక్ష తగినంత గట్టిగా లేదన్నదే కారణం.

క్రెడిటింగ్ కాలం, అంటే ప్లాంటుకు క్రెడిట్లు వచ్చే ఏళ్ల గురించి ఒక్క మాట. సీడీఎంలో ఏడేళ్ల చొప్పున మూడుసార్లు తీసుకునే వీలుండేది, లేదా స్థిరంగా పదేళ్లు. అలాంటి చోట నేను పదేళ్లే ఎంచుకుంటాను. పొడిగింపు వేళకు గ్రిడ్ శుభ్రపడితే ఫ్యాక్టర్ తగ్గుతుంది, రాసుకున్న ఆదాయమూ తగ్గుతుంది.

అభ్యాసం. పై ప్లాంటునే తీసుకుని, క్రెడిట్లు కలపకుండా, అమ్మకం 10 శాతం పెంచి రేటు కట్టండి. తరువాత ఖర్చు ఒక్కటే 10 శాతం తగ్గించి కట్టండి. రెండుసార్లూ 11కు కిందే ఉందా? రెండూ ఒకేసారి జరిగితే? ఆపైన, ఈ మార్పులేవీ లేని మొదటి లెక్కకు క్రెడిట్లు కలపండి. అయితే తనిఖీ పూర్తై క్రెడిట్లు జారీ అయ్యేసరికి ఏడాది పట్టిందనుకుని, ఆ 20ని మొదటి ఏడు కాక రెండో ఏటి నుంచి పదకొండో ఏటి దాకా వేయండి. రేటు 11 దగ్గర నిలిచిందో లేదో, నిలవకపోతే ఏటా ఎంత వస్తే నిలుస్తుందో రాసి పంపండి.